పటంలో ‘పైన’ ఉంటే నేల మీద ఎత్తేనా? ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని కేస్ స్టడీ

నేపథ్యం

తిరుపతి జిల్లాలో స్వర్ణముఖికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయికి పటాలను చదవడంలో ఎదురైన చిక్కునూ, దాన్ని విప్పడానికి చేసిన ప్రయత్నాలనూ ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆమెనుగాని, కుటుంబాన్నిగాని, పాఠశాలనుగాని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలన్నీ వదిలేశాను.

ఈ అమ్మాయి చదువులో వెనకబడినది కాదు. తరగతిలో బాగా చదివే నలుగురైదుగురిలో ఒకరు. అవుట్‌లైన్ మ్యాపు ఇస్తే కృష్ణా, గోదావరి, ఆరావళి పర్వతాలు, చిల్కా సరస్సు, కర్కటరేఖ అన్నింటినీ తడుముకోకుండా గుర్తిస్తుంది. మ్యాప్ పాయింటింగ్‌లో ఆమె మార్కులు పోగొట్టుకోవడం అరుదు. ఈ కేసును రాయదగినదిగా నేను భావించడానికి కారణం కూడా అదే. మార్కులను బట్టి చూస్తే ఎవరికీ అనుమానం రాని చోట, పటాన్ని గురించిన ఒక మౌలికమైన అపోహ ఆమెలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంది.

సమస్య బయటపడిన తీరు

నదుల పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు ఏం తెలుసో చూద్దామని, రంగులూ పేర్లూ లేని ఆఫ్రికా పటం ఇచ్చి, నైలు నదిని సూచించే గీత మీద నీళ్లు ఏ వైపుకు పారుతాయో బాణం గుర్తు వేయమన్నాను. ఒక చోటును గుర్తించమంటే జ్ఞాపకశక్తి చాలు, ప్రవాహ దిశ చెప్పమంటే పటాన్ని చదవాలి. అందుకే పేర్లు అడగకుండా బాణం అడిగాను. చాలామంది మధ్యధరా సముద్రం నుంచి విక్టోరియా సరస్సు వైపుకు, అంటే పటంలో పై నుంచి కిందికి, బాణం వేశారు. ఎందుకలా వేశారని అడిగిన మరుక్షణమే చాలామంది దాన్ని చెరిపేసి రెండో వైపుకు తిప్పారు. వాళ్లది ఊహ మాత్రమే కాబట్టి వాళ్ల గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. ఈ అమ్మాయి మాత్రం చెరపలేదు.

“నీళ్లు పైకి ఎట్లా పోతాయి సార్? పల్లానికే కదా పోవాల” అంది.

నీరు పల్లమెరుగునన్న సంగతి ఆమెకు బాగా తెలుసు, అందులో తప్పేమీ లేదు. అయితే పల్లం ఎటు ఉందో ఆమె పటం మీద చూసుకున్న పద్ధతిలోనే చిక్కంతా ఉంది. నది చివరికి సముద్రంలో కలుస్తుంది కదా అని గుర్తుచేస్తే, విక్టోరియా సరస్సు మీద వేలు పెట్టి, అంత పెద్దగా ఉంది కాబట్టి అదే సముద్రం అయి ఉండవచ్చని సమాధానం చెప్పింది. తనకు ముందే తెలిసిన ఒక నిజాన్ని పక్కన పెట్టడానికైనా సిద్ధపడింది గాని తన సూత్రాన్ని మాత్రం వదులుకోలేదు. ఇంత గట్టి సూత్రం ఒక్క నైలు నదికే పరిమితమై ఉండదని నాకు అనిపించింది. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఏది ఎత్తులో ఉందని అడిగాను. తిరుపతి అంది. పటంలో అది పైన ఉంది కదా అన్నది ఆమె కారణం. నిజానికి తిరుపతి పట్టణం సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, చిత్తూరు సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది.

ఇంత తెలివైన పిల్లకు ఈ అభిప్రాయం ఎలా కుదురుకుందన్న ప్రశ్న మీద నేను ఎక్కువ సమయం వెచ్చించాను, ఎందుకంటే మూలం తెలియకుండా చెప్పే దిద్దుబాటు పైపైనే ఉండిపోతుంది. మా ప్రాంతపు పిల్లల కళ్లతో చూస్తే ఈ అభిప్రాయానికి సాక్ష్యాలు అడుగడుగునా దొరుకుతాయి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి. తిరుమలకు వెళ్లడాన్ని అందరూ ‘పైకి పోవడం’ అంటారు. జిల్లా పటంలో కూడా ఆ కొండలు పట్టణానికి పైవైపునే కనిపిస్తాయి. దేశ పటాన్ని చూస్తే హిమాలయాలు నెత్తిన ఉన్నాయి, హిందూ మహాసముద్రం పాదాల దగ్గర ఉంది. గంగ హిమాలయాల నుంచి దిగి వస్తుందని పాఠంలో చదువుతారు, పటంలో అది దిగివస్తున్నట్టే కనిపిస్తుంది. మన గోదావరి, కృష్ణా, పెన్నా తూర్పుకు పారతాయి, నర్మద పడమరకు పారుతుంది. ఇవేవీ ఆమె సూత్రాన్ని బలపరచవు, అలాగని కాదనవు కూడా. వీటికి తోడు పటాన్ని గోడకు నిలువుగా తగిలిస్తాం కాబట్టి అందులో ఉత్తరం అక్షరాలా పైననే ఉంటుంది. ఇన్నేళ్ల చదువులో ఆమె సూత్రాన్ని తప్పని చూపించిన ఉదాహరణ ఒక్కటి కూడా ఆమెకు తారసపడలేదు. ఆమె ఆలోచన తర్కబద్ధమే, చూసిన ఉదాహరణలే అన్నీ ఒకే వైపువి.

చేసి చూసినవి, ఫలించనివి

ఎత్తును పటం రంగులతో చూపిస్తుంది కాబట్టి, మొదట భౌతిక పటంతో ప్రారంభించడం సహజమనిపించింది. ఆకుపచ్చ మైదానమని, పసుపు నుంచి గోధుమ రంగుకు పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుందని ఆమె వెంటనే పట్టుకుంది. ఆఫ్రికా భౌతిక పటం ముందు పెడితే నైలు బాణాన్ని సరిగ్గానే తిప్పింది. కానీ కొన్నాళ్లకు రంగుల్లేని పటం మళ్లీ ఇచ్చినప్పుడు బాణం పాత వైపుకే తిరిగింది. రంగులున్న పటానికి ఒక సూత్రం, లేని పటానికి మరో సూత్రం ఆమె మనసులో పక్కపక్కనే ఇమిడిపోయాయని అర్థమైంది. పైగా భారతదేశ భౌతిక పటంలో ముదురు గోధుమ రంగు ఎక్కువగా పైభాగంలోనే ఉండటం వల్ల, రంగుల పాఠం ఆమె పాత నమ్మకానికి ఇంకొంత బలం చేకూర్చింది.

ఉత్తరానికీ పైభాగానికీ ఉన్న ముడిని తెంచాలన్న ఆలోచనతో తర్వాత దేశ పటాన్ని తలకిందులుగా తగిలించాను. తరగతి నవ్వింది. ఆమె నవ్వకుండా, మెడ వంచి పేర్లు చదువుతూ, మనసులోనే దాన్ని తిరిగి నిలబెట్టుకుంది. తప్పుగా తగిలించిన పటంగానే దాన్ని చూసింది గాని, మరో విధంగా గీసిన పటంగా చూడలేదు. 1154లో సిసిలీ రాజు రెండో రోజర్ కోసం అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రపంచ పటంలో దక్షిణమే పైన ఉండేదని చెప్పాను. “అప్పటివాళ్లకు తెలియక అట్లా గీసినారేమో సార్” అంది. ఉత్తరాన్ని పైన చూపడం మనుషులు ఏర్పరచుకున్న అలవాటేనని చరిత్ర ద్వారా చెప్పడం పెద్దలకు నచ్చే మార్గం. ఈ వయసు పిల్లలకు అది ఒక వింత కథగానే మిగిలిపోతుందని నా అభిప్రాయం.

ఆ తర్వాత గ్లోబు తీశాను. పటం బల్లపరుపు కాగితం, గ్లోబు భూమి ఆకారానికి నమూనా, కాబట్టి కాగితం తెచ్చిపెట్టిన చిక్కు గ్లోబుతో తొలగిపోవాలన్నది నా తర్కం. పరిస్థితి ఇంకా జటిలమైంది. స్టాండు గ్లోబును ఉత్తర ధ్రువం పైకి ఉండేలా బిగించి పట్టుకుంటుంది. భూమి అక్షం తన కక్ష్యా తలానికి (సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారి ఉండే తలానికి) గీసిన లంబం నుంచి 23½ డిగ్రీలు వంగి ఉంటుందని చూపడానికే ఆ స్టాండును వంచి చేస్తారు, అంటే అక్కడ బల్ల ఉపరితలం కక్ష్యా తలానికి ప్రతినిధి. పిల్లలు మాత్రం బల్లను నేలగా భావిస్తారు. దక్షిణ అమెరికా కొసన ఉన్న సముద్రమంతా అంటార్కిటికా మీదికి ఎందుకు కారిపోదని ఆ అమ్మాయి అడిగింది. గురుత్వాకర్షణను గురించి భౌతికశాస్త్రంలో చదివిన వాక్యాన్ని తానే అప్పజెప్పింది గాని, కళ్ల ముందున్న స్టాండు ముందు ఆ వాక్యం నిలబడలేదు.

ఫలించిన మార్గం

మూడు ప్రయత్నాలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాటిలో ఒక సామ్యం కనిపించింది. భౌతిక పటమూ, తలకిందులు చేసిన పటమూ గోడ మీదనే ఉన్నాయి. గ్లోబు ఉత్తర ధ్రువాన్ని పైకి ఉంచే స్టాండులో ఉంది. ‘పైన’ అన్న భావన ఏ వస్తువుల నుంచి పుట్టిందో ఆ వస్తువులతోనే దాన్ని తొలగించాలని చూస్తున్నాను. పటాన్ని నేల మీద పరిస్తే అందులో పైన, కింద అనేవే ఉండవు, దిక్కులు మాత్రమే ఉంటాయి. అందుకని పటాన్ని ఆరుబయట, నిజమైన దిక్కులకు సరిగ్గా కలిపి, నేల మీద పరవాలని నిర్ణయించుకున్నాను.

దీనికి ముందుగా ఉత్తరం తెలియాలి. సెల్‌ఫోన్‌లో దిక్సూచి ఉంది, కానీ దిక్కు ఒక పరికరం చెప్పిన మాటగా కాకుండా ఎండ నుంచీ నేల నుంచీ రావాలనుకున్నాను. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని చాలామంది చెబుతారు. తిరుపతి అక్షాంశం దాదాపు 13.6 డిగ్రీలు, కాబట్టి ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా సాగిపోతాడు. మేము పనిచేసింది జూలైలో. ఆ రోజుల్లో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ జానెడైనా ఉండదు, ఆ కాస్త కూడా దక్షిణానికే పడుతుంది. పైగా అది 12 గంటలకు పడదు. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, తిరుపతి దానికి పడమరగా 79.4 డిగ్రీల దగ్గర ఉంది, అందువల్ల జూలై మధ్యలో ఇక్కడ అసలైన మధ్యాహ్నం గడియారంలో సుమారు 12 గంటల 18 నిమిషాలకు వస్తుంది.

ఈ కారణంగా పాతకాలపు వృత్త పద్ధతినే ఎంచుకున్నాను. అసెంబ్లీ జరిగే ఆవరణలో మీటరు ఎత్తు కర్రను తూకపు గుండు సాయంతో నిటారుగా పాతి, పురికొసతో అర మీటరు వ్యాసార్ధం ఉన్న వృత్తం గీశాం. ఉదయం పదిన్నర ప్రాంతంలో కుంచించుకుంటూ వచ్చిన నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఆ అమ్మాయి ఒక మేకు దిగ్గొట్టింది. మధ్యాహ్నం రెండు దాటాక సాగుతూ పోయిన నీడ మళ్లీ వృత్తాన్ని తాకిన చోట రెండో మేకు. ఆ రెంటినీ కలిపిన గీత తూర్పు పడమరలు, దానికి లంబంగా గీసినది ఉత్తర దక్షిణాలు. మధ్యలో మబ్బు కమ్మినప్పుడు ఆమె అక్కడి నుంచి కదలలేదు. ఎండ తిరిగి వచ్చేసరికి నీడ వృత్తం దాటిపోయి ఉంటుందేమోనన్నది ఆమె ఆదుర్దా.

ఆ గీతలకు సరిపోయేలా జిల్లా పటాన్ని నేల మీద పరిచి మూలలకు రాళ్లు పెట్టాం. పటంలో తిరుమల ఉన్న వైపునే కొండ కనిపించింది. రేణిగుంట తూర్పున, చిత్తూరు నైరుతిలో, ఏ ఊరికి ఏ వైపు వెళ్తామో ఆ వైపునే పటంలో ఆ ఊరు ఉంది. తరగతి గదిలో నల్లబల్ల దక్షిణపు గోడకు ఉండటం వల్ల, దాని పక్కన తగిలించిన పటంలోని తూర్పు పిల్లలకు ఎప్పుడూ నిజమైన పడమర వైపున కనిపిస్తూ వచ్చిందని కూడా అప్పుడే తేటపడింది.

తర్వాత స్వర్ణముఖి గీతను పట్టుకుని నడవమన్నాను. ఒక మాట చెప్పాలి. ఈ ఏటిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది కాబట్టి, ఒడ్డునే పెరిగిన పిల్లలకు కూడా దాని ప్రవాహ దిశ నిత్యం చూసే విషయం కాదు. అయితే శ్రీకాళహస్తి గుడికి ఆమె చాలాసార్లు వెళ్లింది. గుడికి పడమటి పక్కన ఏరు ఉత్తరానికి పారుతుందనీ, అందుకే అక్కడ దాన్ని ఉత్తరవాహిని అంటారనీ ఇంట్లో వినే ఉంది. పటంలో ఆ చోటికి వచ్చి ఆగిపోయింది. పటం గోడ మీద ఉన్నట్టయితే ఇక్కడ ఏరు పైకి పోతున్నట్టు కనిపిస్తుంది. నేల మీద అది కొండలున్న పడమర నుంచి సముద్రమున్న తూర్పుకు పోతూ దారిలో కాస్త ఉత్తరానికి తిరిగింది, అంతే.

అసలు మలుపు మాత్రం నేను అనుకోని వైపు నుంచి వచ్చింది. పటాన్ని ఇంకా చూస్తూనే ఉన్న ఆ అమ్మాయి, బెంగళూరులో ఉన్న బంధువుల ఇంటికి వెళ్లే బస్సు గురించి తనంతట తానే మాట్లాడటం మొదలుపెట్టింది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్‌లో బస్సు మూలుగుతూ ఎక్కుతుందని, పలమనేరు చేరేసరికి గాలి చల్లబడుతుందని ఆమెకు అనుభవం. “బెంగళూరు పటంలో మనకంటే కిందుంది సార్. బస్సు మాత్రం ఎక్కతానే పోతుంది” అంది. బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉందని చెప్పడం తప్ప నేను చేర్చవలసింది ఏమీ లేకపోయింది. నైలు విషయంలో నేను చూపిన సాక్ష్యం నాది, దూరదేశానిది. ఇది ఆమె తన ఒంటితో ఎరిగిన సాక్ష్యం కాబట్టి దీనికి వేరే సూత్రం కల్పించుకుని పక్కన పెట్టడానికి వీల్లేకపోయింది.

గ్లోబును తిరిగి తీసుకురావడానికి ఇదే సమయమని భావించాను. ఈసారి, మరో రోజు మిట్టమధ్యాహ్నం వేళ, ధ్రువాల దగ్గర ఉన్న మేకులు ఊడదీసి స్టాండును పక్కన పడేశాం. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ దగ్గర చుట్టకుదురు అడిగి తెచ్చి, గ్లోబును దాని మీద కూర్చోబెట్టాం. తిరుపతి సరిగ్గా నెత్తిన ఉండేలా, ఉత్తర ధ్రువం మేము గీసిన ఉత్తరపు గీత వైపు చూసేలా తిప్పాం. అలా పెట్టినప్పుడు అక్షం ఉత్తర దిగంతానికి 13.6 డిగ్రీల ఎత్తులో మాత్రమే నిలుస్తుంది, అంటే ఉత్తర ధ్రువం దాదాపు పక్కకు ఒరిగిపోతుంది. గ్లోబు ఇప్పుడు మన కాళ్ల కింద ఉన్న భూమికి సమాంతరంగా ఉంది, సూర్యకాంతి భూమి మీద పడుతున్నట్టే దాని మీదా పడుతుంది. తిరుపతి మీద అగ్గిపుల్ల ముక్కను మైనంతో నిలబెడితే, దాని నీడ ఆవరణలోని కర్ర నీడ ఉన్న వైపుకే పడింది. ఢిల్లీ మీద నిలబెట్టిన పుల్ల నీడ అదే క్షణంలో ఉత్తరానికి పడింది, ఎందుకంటే ఢిల్లీ కర్కటరేఖకు ఆవల ఉంది. ఉత్తర ధ్రువం వెలుగులోనూ దక్షిణ ధ్రువం చీకటిలోనూ ఉన్నాయి. అమెరికా దాదాపు అంతా కింది వైపు నీడలో పడింది, అక్కడ అది రాత్రి సమయం కూడా.

ఆమె గ్లోబును మెల్లగా తిప్పుతూ, బ్రెజిల్ వాళ్లు తమ ఊరిని నెత్తిన పెట్టుకుంటే మనం పక్కకు పోతామా అని అడిగింది. తిప్పి చూడమన్నాను. ఏ ఊళ్లో నిలబడితే అక్కడ ‘కింద’ అంటే భూమి కేంద్రం వైపు అని ఆ తర్వాత వివరించడం కష్టం కాలేదు. ఎత్తు అంటే ఆ కేంద్రం నుంచి దూరం ఎంత ఎక్కువన్నదే గాని ఉత్తరానికి ఎంత దగ్గరన్నది కాదని, లెక్క కోసం సముద్ర మట్టాన్ని ఆధారంగా తీసుకుంటామని చెప్పాను. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఎవరెస్టు ఎత్తు మిల్లీమీటరులో ఇంచుమించు అయిదో వంతేనని లెక్క కట్టించినప్పుడు మాత్రం ఆమె నమ్మలేక మళ్లీ లెక్క వేసింది. గోడ పటంలో ఆఫ్రికాతో పోటీపడే గ్రీన్‌లాండ్ గ్లోబు మీద అంత చిన్నదిగా ఎందుకుందని ఆ రోజే అడిగింది. వైశాల్యంలో ఆఫ్రికా దానికి 14 రెట్లు. గుండ్రని ఉపరితలాన్ని కాగితం మీదికి తెచ్చేటప్పుడు మెర్కేటర్ పద్ధతి ధ్రువాల వైపు భూభాగాలను సాగదీస్తుందని చెప్పి అంతటితో ఆపాను, ఎందుకంటే అది మరో పాఠం.

ఫలితాన్ని పరీక్షించిన విధం

పాత ప్రశ్ననే మళ్లీ అడిగితే జ్ఞాపకం జవాబు చెబుతుంది కాబట్టి, ఆమె ఎప్పుడూ పేరు వినని నదులు కావాలనుకున్నాను. సైబీరియాలోని ఓబ్, యెనిసీ, లీనా నదుల గీతలను మాత్రమే ఉంచి, రంగులూ తీరరేఖా లేకుండా ఒక కాగితం ఇచ్చి బాణాలు వేయమన్నాను. ఆమె కాగితాన్ని అలాగే వెనక్కి ఇచ్చి, “ఎత్తులు ఇయ్యకుండా ఎట్లా చెప్పేది సార్” అంది. ఈ కేసులో నేను కోరుకున్న జవాబు అదే. తీరరేఖను గీసి ఇచ్చాక, మూడూ ఆర్కిటిక్ మహాసముద్రంలో కలుస్తున్నాయని చూసి ఉత్తరానికి బాణాలు వేసింది. తీరరేఖ ఇవ్వకపోయినా ఉపనదులు కలిసే కోణాలను బట్టి దిశను కొంతవరకు ఊహించవచ్చని నేను చెప్పబోయేలోపే, రెండు ఉపనదుల మీద వేలు పెట్టి అవి ఎటు వాలి కలుస్తున్నాయో చూడటం మొదలుపెట్టింది.

గ్రహించినవి

తరగతిలో ఈ అపోహ ఆమెకు ఒక్కరికే లేదు, ఆమె మాత్రమే దానికి కారణం చెప్పగలిగింది. కాబట్టి పటాల పరిజ్ఞానాన్ని అంచనా వేయడానికి చోట్లను గుర్తించమనే ప్రశ్నలతో పాటు, ప్రవాహ దిశ గీయమనే ప్రశ్నా, రెండు ఊళ్లలో ఏది ఎత్తులో ఉందో పటాన్ని బట్టి చెప్పమనే ప్రశ్నా ఇప్పుడు తప్పనిసరిగా పెడుతున్నాను. ఉత్తరాన కొండలున్న తిరుపతి వంటి చోట ఇది మరీ అవసరం. దక్షిణాన కొండలున్న ఊళ్లో పిల్లలకు ఈ అపోహ ఇంత గట్టిపడే అవకాశం తక్కువని అనుకుంటున్నాను.

ఆరో తరగతి పిల్లలకు గ్లోబు పాఠం చెప్పేటప్పుడు స్టాండుతో మొదలుపెట్టడం మానేశాను. ముందు ఆరుబయట చుట్టకుదురు మీద, తర్వాత స్టాండులో. అక్షం వంపు గురించి చెప్పవలసి వచ్చినప్పుడే స్టాండు అవసరమవుతుంది.

ఈ అమ్మాయి విషయంలో ఇంకా మిగిలిన పని ఉంది. తిరుపతి ప్రాంతపు సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు మీద 20 మీటర్ల అంతరంతో గీసిన కాంటూర్ రేఖలను (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలను) చూసి ఎత్తు చెప్పగలుగుతోంది గాని, రేఖలు దగ్గరపడిన చోట వాలు ఎక్కువని పట్టుకోవడంలో ఇప్పటికీ తడబడుతోంది. దానికి బంకమట్టితో చేసిన గుట్టను పొరలుగా కోయించే అభ్యాసం మొదలుపెట్టాం. గోడ పటం విషయంలో మాత్రం ఒక మార్పు పూర్తయింది. దాన్ని నల్లబల్ల పక్క నుంచి తీసి ఉత్తరపు గోడకు తగిలించాం. పాఠం మధ్యలో పటం చూడాలంటే పిల్లలు వెనక్కి తిరగవలసి వస్తుంది, గది సర్దుబాటుకు అది ఇబ్బందే, అయినా పటంలోని తూర్పూ గది బయటి తూర్పూ ఇప్పుడు ఒకే వైపున ఉన్నాయి.